పూల్ క్యూ: ఏళ్ల తర్వాత మళ్లీ టేబుల్ దగ్గరకు వెళ్తున్నారా..? సొంత క్యూ కొనేముందు ఇవి చూసుకోండి

విశాఖపట్నం: ఏయూలో చదువుకునే రోజుల్లో క్లాసులు ఎగ్గొట్టి మరీ పూల్ ఆడారు. ఆ తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. పోర్టులోనో, స్టీల్ ప్లాంట్‌లోనో షిఫ్టులు మారుతుండగానే పదిహేను, ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు పాత ఫ్రెండ్ పిలిస్తే ఓ సాయంత్రం పార్లర్‌కి వెళ్లారు. గెలుస్తామనుకున్న గేమ్‌లో 8వ నంబర్ బంతి పాకెట్ అంచుకు తగిలి ఆగిపోయింది. "ఈ కర్రలు బాలేవు, సొంతది కొనేద్దాం" అనిపించడం సహజమే. కానీ వేలకు వేలు పెట్టేముందు ఒక్క ప్రశ్న. తప్పు నిజంగా క్యూదేనా..?

ముందు ఈ చిన్న పరీక్ష

తెల్ల బంతిని బ్రేక్ చేసే వైపు, టేబుల్ వెడల్పుకు సరిగ్గా మధ్యలో పెట్టండి. బంతి నడిమధ్యన కొట్టి ఎదుటి కుషన్‌కు నేరుగా పంపండి. తిరిగొచ్చిన బంతి మళ్లీ క్యూ చివరకే తగలాలి. పదిసార్లు కొడితే ఎక్కువసార్లు పక్కకు పోతోందంటే చెయ్యి నిటారుగా కదలడం లేదన్నమాట. ఆ లోపాన్ని ఎంత ఖరీదైన క్యూ అయినా సరిచేయలేదు. రెండు మూడు వారాలు పార్లర్‌లోనే ఆడి చెయ్యి కుదుటపడ్డాక కొనడం మంచిది.

అలాగని సొంత క్యూ దండగేం కాదు. పార్లర్‌లో ఈరోజు దొరికిన కర్ర రేపు దొరకదు. ఒకటి బరువు, ఒకటి తేలిక. ఒకదాని టిప్ అరిగిపోయి ఉంటుంది, ఇంకోదానిది పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటుంది. రోజుకో కర్రతో ఆడితే తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు. సొంత క్యూ ఉంటే రోజూ ఒకే బరువు, ఒకే టిప్. చేతికి అలవాటు తిరిగొచ్చేది అలాగే. దాని అసలు లాభం అదే.

పూలా..? స్నూకరా..?

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. స్నూకర్ పుట్టిందే మన దేశంలో, 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మధ్య. అందుకే పాత క్లబ్బుల్లో పెద్ద స్నూకర్, బిలియర్డ్స్ టేబుళ్లు కనిపిస్తాయి. పార్లర్లలో ఎక్కువగా పూల్ టేబుళ్లు ఉంటాయి. రెండింటికీ క్యూలు వేరు.

స్నూకర్ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు. పూల్ బంతిది 57.15 మిల్లీమీటర్లు, బరువూ ఎక్కువే. అందుకే స్నూకర్ క్యూ టిప్ 9 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటే, పూల్ క్యూ టిప్ సాధారణంగా 12 నుంచి 13 మిల్లీమీటర్లు ఉంటుంది. సన్నని స్నూకర్ క్యూతో పూల్ బంతుల్ని బలంగా బ్రేక్ చేస్తే క్యూ దెబ్బతినే ప్రమాదం ఉంది. కాబట్టి ఇకపై రెగ్యులర్‌గా వెళ్లేది ఎక్కడికి, అక్కడ ఏ టేబుల్, ఏ బంతులు ఉన్నాయన్నది ముందు చూసుకోవాలి.

బరువు ఎంతుండాలి..?

పూల్ క్యూలు ఎక్కువగా 18 నుంచి 21 ఔన్సుల మధ్య దొరుకుతాయి. అంటే దాదాపు 510 నుంచి 595 గ్రాములు. మళ్లీ మొదలుపెట్టేవారికి 19 ఔన్సులు, అంటే సుమారు 540 గ్రాములు, సేఫ్ ఛాయిస్.

"బరువైన క్యూతో బ్రేక్ గట్టిగా వస్తుంది" అనే మాట తరచూ వినిపిస్తుంది. అది సగమే నిజం. దెబ్బలో బలం బరువుతో కంటే వేగంతో ఎక్కువగా పెరుగుతుంది. బరువైన కర్రను వేగంగా కదపలేకపోతే లాభమేముంది..? పార్లర్ క్యూల మీద చాలాసార్లు ఔన్సుల నంబర్ వేసి ఉంటుంది. చేతికి హాయిగా ఉన్నదాని నంబర్ గుర్తుపెట్టుకుంటే కొనేటప్పుడు సగం పని అయిపోయినట్టే.

పొడవు 58 అంగుళాలు చాలామందికి సరిపోతుంది. బంతికి టిప్ తగిలే క్షణంలో మోచేతి నుంచి కింది భాగం నిటారుగా వేలాడాలి. అలా నిలబడితే పట్టు క్యూ చిట్టచివరకు పోతోందంటే ఆ క్యూ పొట్టి అన్నమాట.

టిప్, షాఫ్ట్ సంగతేంటి..?

టిప్ అంటే క్యూ చివరన ఉండే తోలు ముక్క. మెత్తనివి, మీడియం, గట్టివి ఉంటాయి. మెత్తనిది త్వరగా ఆకారం మారిపోతుంది. గట్టిదానికి చాక్ సరిగ్గా అంటదు. మీడియం టిప్‌తో మొదలుపెట్టడం మేలు. దాని వంపు ఇప్పటి రూపాయి నాణెం అంచుకు దగ్గరగా ఉంటే బాగుంటుంది.

ఇక షాఫ్ట్. బంతిని మధ్యలో కాకుండా పక్కన కొట్టి స్పిన్ ఇస్తే, తెల్ల బంతి గురిపెట్టిన గీత నుంచి కాస్త అవతలి వైపుకు తప్పుకుంటుంది. దీన్నే డిఫ్లెక్షన్ అంటారు. ముందు భాగం తేలికగా ఉండే లో-డిఫ్లెక్షన్ షాఫ్ట్‌లు, కార్బన్ ఫైబర్ షాఫ్ట్‌లు ఈ తప్పుకోవడాన్ని తగ్గిస్తాయి. వింటే అద్భుతంగానే ఉంటుంది. కానీ ఒకప్పుడు మామూలు కర్రతో ఆడినవారి చెయ్యి ఆ తేడాను ముందే లెక్కేసుకుని గురిపెట్టడం నేర్చుకుని ఉంటుంది. అదే గురితో కొత్త షాఫ్ట్ పట్టుకుంటే మొదట్లో మిస్సులే ఎక్కువ. పాత ఆట తిరిగి రావాలనుకునేవారికి మామూలు మేపుల్ షాఫ్టే దగ్గర దారి. పైగా ఖర్చూ తక్కువ.

విశాఖలో అసలు శత్రువు తేమ

సముద్రం పక్కనే ఉన్న ఊరు. ఉప్పు గాలికి ఉక్కు తుప్పు పడుతుంది, తేమకు కర్ర వంకరపోతుంది. మేపుల్ కర్ర గాలిలో తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. అది అన్ని వైపులా ఒకేలా జరగకపోతే వంపు వస్తుంది. కార్బన్ షాఫ్ట్‌కు ఈ బెడద ఉండదు. బడ్జెట్ ఉన్నవారు దాన్ని ఎంచుకోవడానికి ఇది సరైన కారణమే.

చెక్క క్యూ కొంటే గట్టి కేసు తప్పనిసరి. గోడకు వారగా నిలబెట్టకూడదు. ఎండలో పార్క్ చేసిన కారులో వదిలేయకూడదు. ఆట అయ్యాక పొడి గుడ్డతో తుడిచి, జాయింట్‌లోని లోహపు పిన్నును కూడా తడి లేకుండా చూసుకోవాలి. చెమటకు కర్ర చేతిలో జారకుండా ఆగిపోతుంటే పౌడర్ వాడొద్దు, టేబుల్ క్లాత్ పాడవుతుంది. మూడు వేళ్ల గ్లవ్ చాలు.

షాపులో చేయాల్సిన టెస్ట్

క్యూను రెండు భాగాలూ బిగించి టేబుల్ మీద దొర్లించాలి. ఎక్కడైనా ఎగిరెగిరి పడినట్టు కదిలితే అనుమానించాలి. తర్వాత విడదీసి షాఫ్ట్, బట్ విడివిడిగా దొర్లించాలి. తప్పు షాఫ్ట్‌లో ఉందా, జాయింట్‌లో ఉందా అన్నది అప్పుడు తేలుతుంది. చివరగా ఒక కన్ను మూసి, తుపాకీ గురి చూసినట్టు క్యూ పొడవునా చూడాలి. ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి తీసుకుంటారో లేదో ముందే చూసుకుని, డెలివరీ అయిన రోజే ఈ టెస్టులు చేయాలి.

అటక మీది పాత క్యూ ఉందా..?

అయితే అసలు కొనక్కర్లేకపోవచ్చు. దుమ్ము దులిపి ఇదే దొర్లించే టెస్ట్ చేయండి. కర్ర తిన్నగా ఉంటే ఏళ్లుగా ఎండిపోయిన టిప్ ఒక్కటి మార్పిస్తే చాలు. కొత్త క్యూ ధరతో పోలిస్తే ఆ ఖర్చు చాలా తక్కువ. చెయ్యి ఆట నేర్చుకున్నది ఆ కర్రతోనే కదా. మిగిలిన డబ్బుతో మరికొన్ని గంటలు టేబుల్ తీసుకుని ఆడుకోవచ్చు. ఆట తిరిగొచ్చేది ఆ గంటల్లోనే.