దూడ రక్తములోని కావలివారు

నల్లగొండ, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాల మెట్టసీమలో పాడిరైతులు మమ్ములను తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. “అయ్యా, తల్లి చక్కగానే యున్నది. జున్నుపాలు త్రావించితిమి, నట్టల మందు పోసితిమి. అయినను దూడ నోటిపుండ్లతో, పారుడుతో, దగ్గుతో కృశించి పోయినది. దిష్టి తగిలినదా?” అని. దూడల చావులలో పెక్కింటికి నట్టలును, మురికి కొట్టమును, జున్నుపాలు చాలకపోవుటయు కారణములు. (జున్నుపై మన యింటివారికి గల మక్కువయే దూడకు శత్రువు.) కాని సంకరజాతి దూడలలో అరుదుగా తల్లిదండ్రులనుండియే సంక్రమించు లోప మొకటి కలదు. దానిని గూర్చి వ్రాయుచున్నాము.

రక్తములోని తెల్లకణములు శరీరమునకు కావలివారు. పుండు పడినచోటికి పోయి క్రిములను మ్రింగుట వాని పని. నిండుగా పారు కాలువలో కొట్టుకొనిపోవువాడు గట్టు పట్టుకొననిదే పొలమున కెక్కలేడు గదా! అట్లే తెల్లకణమును రక్తనాళపు గోడను పట్టుకొని వెలుపలికి రావలెను. అందులకు దాని పైపొరపై నుండు మాంసకృత్తులలో నొకదానికి శాస్త్రజ్ఞులు సీడీ 18 అని పేరిడిరి. దానిని నిర్మించు జన్యువులో ఒక్క అక్షరము మారినచో, 128వ స్థానమున నుండవలసిన ఆస్పార్టిక్ ఆమ్లమునకు బదులు గ్లైసీను చేరి, కావలివాని పట్టు తప్పును. అప్పుడు రక్తము నిండ తెల్లకణములే యుండును గాని పుండునకు చేరవు. చీము పట్టదు, పుండు మానదు. చిగుళ్లు చెడి పండ్లు కదలును. మందులు కొన్నాళ్లు నిలుపును గాని నయము చేయవు. ఇట్టి దూడలు పెక్కులు ఏడాది నిండకయే చనిపోవును. ఈ వ్యాధికి బ్లాడ్ అని పేరు.

మనవారు హెచ్చెఫ్ అని పిలుచు హోల్‌స్టీన్ జాతిలో నిది బయలుపడినది. 1952లో అమెరికాలో పుట్టిన ఆస్బోర్న్‌డేల్ ఐవన్‌హో అను ఆబోతు సంతతి ద్వారా వ్యాపించెనని వంశావళులు తెలుపుచున్నవి. మేలిపాడికై ఆ సంతతి వీర్యము దేశదేశములకు పోయినది. పాలతోపాటు లోపమును పోయినది. 1992లో ప్రకటించిన పరీక్షలలో, అచ్చటి మేటి హోల్‌స్టీన్ ఆబోతులలో నూటికి 14 దీనిని మోయుచున్నట్లు తేలెను.

మోయు ఆబోతు చూపునకు పుష్టిగనే యుండును. ఏలన, సంఘపు తీర్మానమువలె ఈ జన్యువును రెండు ప్రతులుగా నుండును. ఒకటి చెడినను రెండవది పని నడపును. లోపమును మోయు ఆవును అట్టి ఆబోతుతోనే దాటించినచో, నాలుగింట నొక దూడకు రెండును చెడ్డ ప్రతులే దక్కవచ్చును.

కావున ముందుగా ఆబోతును విచారింపవలెను. మన దేశపు వీర్యకేంద్రములలో హోల్‌స్టీన్ ఆబోతులను, దాని సంకరములను ఈ లోపమునకై పరీక్షింపవలెనను నిబంధన కలదు. ఊరిమీద తిరుగు సంకర ఆబోతునకు ఏ పరీక్షయు లేదు. దాని తండ్రి యెవరో యజమానికే తెలియదు. గోపాలమిత్ర వచ్చినప్పుడు వీర్యపు గొట్టముపై అచ్చువేసిన ఆబోతు సంఖ్యను పాలపుస్తకమున వ్రాసికొనుడు. ఆ చూలున పుట్టిన పెయ్య ఎదకు వచ్చినప్పుడు మరల అదే సంఖ్య రాకుండ చూచుకొనుడు.

నల్లమలలో, అమ్రాబాదు ప్రాంతమున, పొడ తూర్పు ఆవులను శుద్ధముగా కాపాడుకొనుచున్న వారికి ఈ హోల్‌స్టీన్ లోపమును గూర్చి దిగులు వలదు. వారికి మా మనవి ఒక్కటే: ఆ మందలోనికి ఊరి సంకర ఆబోతును రానీయకుడు.