అంత్యక్రియల నిర్వాహకుల లైసెన్సు (అమెరికా)

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మృతదేహాన్ని స్వీకరించి, భద్రపరచి, ఖననానికి గాని దహనానికి గాని ఏర్పాట్లు చేసే వృత్తినిపుణులను ఫ్యూనరల్ డైరెక్టర్లు, అనగా అంత్యక్రియల నిర్వాహకులు అంటారు. ఈ వృత్తికి దేశమంతటికీ వర్తించే ఒకే లైసెన్సు లేదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే అర్హతలను నిర్ణయిస్తుంది.

నేపథ్యం

1861-65 నాటి అంతర్యుద్ధంలో మరణించిన సైనికుల దేహాలను దూరాన ఉన్న స్వస్థలాలకు చేర్చవలసి రావడంతో ఎంబామింగ్ వ్యాప్తి చెందింది. రక్తనాళాల ద్వారా రసాయనాలు ఎక్కించి, దేహం కొంతకాలం పాడవకుండా చేయడమే ఎంబామింగ్. ఈ పనిని శిక్షణ పొందినవారే చేయవలెనన్న ఉద్దేశంతో 19వ శతాబ్దం చివరినుండి రాష్ట్రాలు లైసెన్సు విధానాన్ని ప్రవేశపెట్టాయి.

విద్య, శిక్షణ

అర్హతలు రాష్ట్రాన్ని బట్టి మారినప్పటికీ, సాధారణంగా మూడు దశలు ఉంటాయి.

* విద్య: చాలా రాష్ట్రాలలో మార్చురీ సైన్సులో సుమారు రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ అవసరం. శరీర నిర్మాణ శాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, రసాయన శాస్త్రం, ఎంబామింగ్, దెబ్బతిన్న ముఖాన్ని తిరిగి తీర్చిదిద్దే విద్య, చట్టం, శోకంలో ఉన్నవారితో మెలగే పద్ధతి ఇందులోని పాఠ్యాంశాలు.
* పరీక్ష: జాతీయ బోర్డు పరీక్షలో ఆర్ట్స్, సైన్సెస్ అనే రెండు భాగాలున్నాయి. అనేక రాష్ట్రాలు తమ చట్టాలపై వేరుగా పరీక్ష పెడతాయి.
* అప్రెంటిస్‌షిప్: లైసెన్సు ఉన్నవారి పర్యవేక్షణలో సాధారణంగా ఒకటి నుండి మూడేళ్ళు పనిచేయవలెను.

కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలలో నిర్వాహకునికి, ఎంబామింగ్ చేసేవారికి వేర్వేరు లైసెన్సులు ఉంటాయి.

కొలరాడో ఉదంతం

కొలరాడో రాష్ట్రం 1983లో ఈ లైసెన్సు విధానాన్ని రద్దు చేసింది. 2023లో పెన్‌రోజ్ పట్టణంలోని ఒక సంస్థ భవనంలో కుళ్ళిపోయిన సుమారు 190 మృతదేహాలు బయటపడ్డాయి. కొన్ని కుటుంబాలకు చితాభస్మమని చెప్పి కాంక్రీటు పొడి ఇచ్చినట్లు విచారణలో తేలింది. దీనితో 2024లో కొత్త చట్టం వచ్చింది. దీని ప్రకారం 2027 జనవరి 1 నుండి లైసెన్సు తప్పనిసరి. అంత్యక్రియల సంస్థల తనిఖీలను కట్టుదిట్టం చేస్తూ మరొక చట్టం కూడా వచ్చింది.

వినియోగదారుల హక్కులు

లైసెన్సు రాష్ట్రాల పరిధిలోనిదైనా, ధరల విషయంలో 1984 నుండి అమలులో ఉన్న కేంద్ర నిబంధన దేశమంతటా వర్తిస్తుంది. దీని ప్రకారం సంస్థకు స్వయంగా వచ్చి ఏర్పాట్ల గురించి అడిగినవారికి వివరమైన ధరల పట్టిక ఇవ్వాలి. చట్టరీత్యా అవసరం లేనిచోట ఎంబామింగ్ తప్పనిసరి అని చెప్పరాదు. అయితే అమెరికాలో మరణించిన తెలుగువారి భౌతికకాయాన్ని స్వస్థలానికి పంపాలంటే, మరణ ధ్రువపత్రంతో పాటు ఎంబామింగ్ ధ్రువపత్రం కూడా కావలెను. ఈ పత్రాలను, విమాన ఏర్పాట్లను సాధారణంగా అంత్యక్రియల నిర్వాహకులే చూస్తారు.