భారత్-పాక్: ఎంత ఉద్రిక్తత ఉన్నా జనవరి 1న ఆగని పని.. అసలేంటీ జాబితాలు?

భారత్, పాకిస్థాన్ మధ్య పరిస్థితి ఎప్పుడెలా ఉంటుందో చెప్పలేం. చర్చలు ఆగిపోతాయి.. సరిహద్దులు మూతపడతాయి. అయినా ఏటా జనవరి 1న ఒక పని మాత్రం జరుగుతూనే వస్తోంది. రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలను ఒకరికొకరు అందజేసుకుంటాయి.

శత్రుదేశానికి మన అణు కేంద్రాల చిరునామా ఇవ్వడమేంటి? ఈ డౌట్ చాలామందికి వస్తుంది. కారణం 1988 డిసెంబర్ 31న కుదిరిన ఒప్పందం. అప్పుడు మన ప్రధాని రాజీవ్ గాంధీ, పాక్ ప్రధాని బెనజీర్ భుట్టో. ఒకరి అణు కేంద్రాలపై మరొకరు దాడి చేయకూడదన్నది దాని సారాంశం. 1991 జనవరి 27న అమల్లోకి వచ్చింది. 1992 జనవరి 1న తొలి జాబితాలు చేతులు మారాయి.

ఇది స్నేహం కాదు.. ముందుజాగ్రత్త. అణు రియాక్టర్ పేలితే వెలువడే రేడియేషన్ సరిహద్దు దగ్గర ఆగదు. గాలి ఎటు వీస్తే అటు పోతుంది. అందుకే జాబితాలో ప్రతి కేంద్రం అక్షాంశ, రేఖాంశాలు కూడా ఉంటాయి. తెలియక కొట్టామని చెప్పే వీలుండదన్నమాట. ఆ వివరాలను బయటపెట్టరు.

2001 డిసెంబర్‌లో పార్లమెంట్‌పై దాడి తర్వాత రెండు సైన్యాలు సరిహద్దుకు చేరాయి. అయినా 2002 జనవరి 1న జాబితాలు ఆగలేదు. ముంబై దాడుల తర్వాతా అంతే. అయితే ఒక లోటు ఉంది. జాబితా పూర్తిగా ఇచ్చారో లేదో తనిఖీ చేసే ఏర్పాటు ఈ ఒప్పందంలో లేదు.

అదే రోజు మరో జాబితా కూడా వెళ్తుంది. అది జైళ్లలో ఉన్న ఖైదీలు, మత్స్యకారులది. 2008 ఒప్పందం ప్రకారం జనవరి 1న, జులై 1న దీన్ని ఇచ్చుకోవాలి. తెలుగువాళ్లకు ఇది దూరపు విషయమేం కాదు. 2018లో గుజరాత్ తీరంలో వేటకెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాక్‌కు చిక్కారు. వాఘా మీదుగా 20 మంది ఇంటికి చేరేసరికి 2020 జనవరి వచ్చింది.

శిక్ష పూర్తై, ఏ దేశస్థుడో తేలాక నెలలోపు పంపేయాలని ఒప్పందంలో ఉంది. కానీ ఆచరణలో చాలాసార్లు ఆలస్యమవుతోంది. అణు జాబితా విషయంలో తేదీ తప్పని రెండు ప్రభుత్వాలు.. ఈ గడువునూ అలాగే పాటిస్తే ఎదురుచూసే కుటుంబాలకు అంతకంటే కావాల్సిందేముంటుంది?