గద్దిస్తే మానే అలవాటు కాదు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఎండల్లోనూ పొడుగు చేతుల చొక్కా వదలనివారు మన సంఘాల్లో ఉన్నారేమో చూడండి. గిల్లుకున్న పుండ్లు దాచుకోవడానికే కావచ్చు. అలాంటివారికి “ప్రార్థించి మానుకో” అని మాత్రమే చెప్పి పంపిన కాపరులలో మేమూ ఉన్నాం, తప్పు మాదే. ఇది దయ్యమూ కాదు, మొండితనమూ కాదు. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం దీన్ని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. గద్దిస్తే సిగ్గు పెరిగి చెయ్యి మళ్లీ అక్కడికే పోతుంది.

ఇలాంటి అలవాట్లు మాన్పడానికి అజ్రిన్, నన్ అనే మనస్తత్వవేత్తలు 1973లో ఒక మార్గం చూపారు: చెయ్యి ఎప్పుడు లేస్తుందో గమనించి రాసుకోవడం, లేచినప్పుడు కాసేపు పిడికిలి బిగించి ఉంచడం. గోళ్లు కత్తిరించుకోవాలి, పుండుకు కట్టు కట్టాలి. టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన మానవద్దు, డాక్టరు దగ్గరకు తోడు వెళ్లడమూ మానవద్దు.