నిలబడ్డ లారీ అరుగుతోంది!

గుంటూరు: ఫిబ్రవరి దాటి మిరప సీజను ఊపందుకుంటే యార్డు ముందు లారీలు, ట్రాక్టర్లు బారులు తీరుతాయి. బండి కదలదు, ఇంజను ఆగదు. క్లీనరు టైరు పక్కన తువ్వాలు పరుచుకుని ఓ కునుకు తీస్తాడు. డ్రైవరు టీ కొట్టు దగ్గర కబుర్లలో ఉంటాడు. లారీ మాత్రం గుడగుడమంటూ స్లోలో నడుస్తూనే ఉంటుంది.

"డీజిలు ఇంజనుకు ఏం కాదండీ, ఎంతసేపైనా అట్లా తిరుగుద్ది. మాటిమాటికీ ఆపి స్టార్టు చేస్తేనే దెబ్బ" అని పాత డ్రైవర్లు అంటుంటారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ దాన్ని పూర్తిగా నమ్మిన ప్రత్తిపాడు వైపు చిన్న లారీ యజమాని ఒకాయన చివరకు ఇంజను విప్పించుకోవలసి వచ్చింది.

ఆయనకున్నది ఒకటే లారీ. అదీ ఫైనాన్సు మీద తీసుకున్నది. సీజనంతా యార్డు, కోల్డ్ స్టోరేజీల మధ్య మిరప టిక్కీల కిరాయిలు. తిరిగిన కిలోమీటర్లు తక్కువ, నిలబడ్డ గంటలు ఎక్కువ. రోజూ ఉదయం ఆయిలు పుల్ల తీసి చూసుకునేవాడు. ఆయిలు తగ్గలేదు సరికదా, గుర్తుకు పైన వేలెడు పెరిగింది. "మన ఇంజను చుక్క ఆయిలు తాగడం లేదు" అని సంబరపడ్డాడు. పోయకుండానే ఆయిలు ఎలా పెరుగుతుందన్న అనుమానం ఆయనకు గానీ, డ్రైవరుకు గానీ రాలేదు. నెల తరువాత బండి బరువు లాగలేక పొగ కక్కుతుంటే మెకానిక్కుకు చూపించారు. అతను పుల్ల వాసన చూసి, "బాబాయ్, ఇందులో ఆయిలు కన్నా డీజిలే ఎక్కువుంది" అన్నాడు.

ఆయిల్లోకి డీజిలు ఎలా వచ్చిందో తెలియాలంటే ఇంజను లోపలి సంగతి కొంత తెలుసుకోవాలి. పెట్రోలు బండికి ఉన్నట్టు డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. స్లోలో ఉన్నప్పుడు లోపలికి గాలి నిండుగా వెళుతుంది, డీజిలు మాత్రం చిటికెడే పడుతుంది. దాంతో సిలిండరులో వేడి చాలదు. పచ్చి కట్టెలు పెట్టిన పొయ్యిని తలుచుకుంటే సరిపోతుంది. మంట తక్కువ, పొగ ఎక్కువ, గిన్నె అడుగంతా మసి. ఇక్కడ ఆ మసి నాజిళ్ల మొనలకు, వాల్వులకు, పిస్టను రింగుల గాడులకు పడుతుంది. కాలని డీజిలు లైనరు గోడల మీది ఆయిలు పొరను కడిగేసి, రింగుల సందుల్లోంచి కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. పలచబడ్డ ఆయిలు బేరింగులను కాపాడలేదు. పైగా స్లోలో ఇంజను నిమిషానికి ఆరేడు వందల చుట్లే తిరుగుతుంది కాబట్టి ఆయిలు పంపు ఒత్తిడి కూడా తక్కువే.

సైలెన్సరు అతుకుల దగ్గర నల్లగా, జిడ్డుగా కారుతుంటే లోపల ఇదే జరుగుతున్నట్టు అనుమానించాలి. మొదట్లోనే కనిపెట్టి ఆయిలు మార్చి, బండిని బరువు మీద కొంతదూరం తోలితే ఇంజను కాగి చాలా మసి కాలిపోతుంది. లైనర్లు నున్నగా మెరుపు తేలేదాకా వస్తే మాత్రం విప్పక తప్పదు.

అలాగని డ్రైవర్లనే తప్పు పట్టడం న్యాయం కాదు. ముసలి బ్యాటరీ ఉన్న బండిని ఆపితే మళ్లీ సెల్ఫ్ తిరుగుతుందో లేదోనన్న భయం ఉంటుంది. వెనక వంద బండ్లు హారన్లు కొడుతుంటే ఆ భయం చిన్నది కాదు. బ్రేకుల గాలి గొట్టాల్లో లీకుంటే ఇంజను ఆపిన కాసేపటికే ట్యాంకులో గాలి దిగిపోతుంది. మళ్లీ గాలి నిండేదాకా బండి కదల్చకూడదు. ఐదు నిమిషాలకోసారి పది అడుగులు జరిగే బారులో ఇది తలనొప్పే.

బండిని అసలు స్లోలో ఉంచకూడదనీ కాదు. పొద్దున్నే స్టార్టు చేశాక ఆయిలు పైకి ఎక్కేదాకా నిమిషమో, రెండు నిమిషాలో ఆగడం మంచిదే. ఆపైన మెల్లగా తోలుతూ వేడెక్కించుకోవాలి. టర్బో ఉన్న బండి బరువుతో ఘాటు ఎక్కి వస్తే మూడు నుంచి ఐదు నిమిషాలు స్లోలో ఉంచాకే ఆపాలి. వెంటనే ఆపితే కాలుతున్న టర్బో ఇరుసు చుట్టూ ఆయిలు మాడిపోతుంది. పాత డ్రైవర్ల మాటలో నిజం ఇంతవరకే. అరగంట, గంట కదలదని తెలిసినప్పుడు ఆపడమే మేలు.

ఖర్చు సంగతికి వస్తే, లారీ ఇంజను స్లోలో గంటకు సుమారు లీటరు నుంచి మూడు లీటర్ల దాకా తాగుతుంది. రెండు లీటర్లే అనుకున్నా పది గంటల రాత్రికి ఇరవై లీటర్లు. ఆ డీజిలుతో లోడు బండి గుంటూరు నుంచి విజయవాడ వెళ్లి తిరిగి రావచ్చు. ఇంకో చిక్కూ ఉంది. లారీ మీటరు కిలోమీటర్లనే లెక్కపెడుతుంది. ట్రాక్టరు ఉన్న రైతుకు గంటల మీటరు చూసి ఆయిలు మార్చడం అలవాటే. లారీ యజమాని నిలబడ్డ గంటలను లెక్కలోకి తీసుకోడు. కొన్ని వాహన కంపెనీలు ఒక గంట స్లోను సుమారు 40 కిలోమీటర్ల పరుగుగా లెక్కించమంటున్నాయి.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 లారీలకు ఈ బెడద మరీ ఎక్కువ. వీటిలో చాలావాటికి సైలెన్సరు దారిలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. పొగ బాగా వేడిగా ఉంటేనే అందులోని మసి కాలిపోతుంది. స్లోలో ఆ వేడి రాదు, జల్లెడ పూడుకుపోయి డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తే బండి లాగడం మానేస్తుంది. 2025 నుంచి కొత్తగా తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. ఎండలో మాడిపోయే డ్రైవరుకు అది న్యాయమైన సౌకర్యమే. అయితే ఏసీ వేసుకుని నిద్రపోయినంతసేపూ ఇంజను నడవవలసిందే.

ప్రత్తిపాడు ఆసామి లారీకి రింగులు, లైనర్లు మార్చారు. నాజిళ్లు సర్వీసు చేయించారు. పని పూర్తయ్యేసరికి రెండు కిస్తీలు బాకీ పడ్డాయి, సీజను కూడా అయిపోయింది. డ్రైవరు అన్ని నెలలూ ఇంజను ఎందుకు ఆపలేదని మెకానిక్కు ఆరా తీస్తే బ్రేకు గాలి లీకని తేలింది. ఒక వాషరు మారిస్తే ఆ లీకు ఆగిపోయింది.