మడ అడవిలో పాఠము
ఇతర రాష్ట్రములందలి తెలుగు బాలబాలికల ప్రకృతి పరిశీలన యాత్రలు

ప్రకృతి శాస్త్రము కంటితో జూచి, చెవితో విని, చేతితో తాకి నేర్వవలసిన విద్య. పుస్తకమునందలి బొమ్మ దానికి తోడ్పడునే కాని బదులు కానేరదు. మన విద్యావిధానము కూడ ఈ సత్యము నంగీకరించినదే. పాఠశాలలలో పర్యావరణ విద్యను నిర్బంధముగా బోధింపవలెనని 1991లో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించెను. తరగతిలోని చదువును వెలుపలి జీవితముతో ముడిపెట్టవలెనని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము చెప్పెను. అయినను పిల్లలను బండి యెక్కించి, ఒక చోట దింపి, ఫలహారము పెట్టి, సాయంకాలమునకు ఇల్లు చేర్చిన మాత్రమున అది పరిశీలన యాత్ర కాదు.

తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన కుటుంబముల పిల్లలకు ఇట్టి యాత్రలవలన మరియొక ప్రయోజనము గలదు. బరంపురమున ఒడియా, హోసూరున తమిళము, బళ్లారిలో కన్నడము, షోలాపురమున మరాఠీ చదువు బిడ్డ ఇంటిలో తెలుగు మాటాడవచ్చును. వంటింటి మాటలు, చుట్టరికపు మాటలు, పండుగల మాటలు వానికి నిలుచును. చెట్టు, పిట్ట, చేప, పురుగు అను వీని పేర్లే ముందుగా జారిపోవును. ఏలయన, ఆ పేర్లు పొలము గట్టునను, ఏటి యొడ్డునను పుట్టినవి. బిడ్డ అచ్చటికి పోనిచో ఆ మాటతో వానికి పనిలేదు. పనిలేని మాట ఒకటి రెండు తరములలో మరుగుపడును.

ఆ మాటలు సామాన్యమైనవి కావు. ఒకప్పుడు ప్రపంచ శాస్త్రజ్ఞులు వానిని మనవారి నోటినుండి విని వ్రాసికొనిరి. స్కాట్లండు దేశీయుడైన విలియం రాక్స్‌బరో అను వైద్యుడు 1781 మొదలు 1793 వరకు కాకినాడకు చేరువనున్న సామర్లకోటలో నుండి, తోట వేసి, కోస్తా మొక్కలను చిత్రములతోను తెలుగు పేర్లతోను వర్ణించెను. ఆ గ్రంథము 1795 నుండి సంపుటములుగా వెలువడినది. సోమిద చెట్టు పేరే నేడు సోయ్మిడా అను శాస్త్రనామమై నిలిచినది. విశాఖపట్టణమున నున్న పాట్రిక్ రసెల్ 1796లో పాములను గూర్చియు, 1803లో రెండువందల చేపలను గూర్చియు గ్రంథములు ప్రకటించి, అందు తెలుగు పేర్లను చేర్చెను. కట్లపాముల జాతికి నేటికిని బంగారస్ అను పేరు చెల్లుచున్నది; అది మన 'బంగారు' శబ్దమే. లోకమునకు పేర్లిచ్చిన జాతి బిడ్డలు ఆ పేర్లను మరచుట తగని పని.

ఈ రెండు ప్రయోజనములును ఒక్కచోట నెరవేరు స్థలమునకు ఉదాహరణము కోరంగి. గౌతమీ గోదావరినుండి కోరంగి పాయ చీలుచోట యానాము గలదు. 1954లో ఫ్రెంచి పాలననుండి వెలువడి, నేడు పుదుచ్చేరిలో భాగమైన యీ చిన్న తెలుగు పట్టణమునకు చేరువలోనే కోరంగి అభయారణ్యము మొదలగును. 1978లో ఏర్పడిన యీ అరణ్యము వైశాల్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఇది మడ అడవి. అనగా ఉప్పునీటను బురదలోను పెరుగు చెట్ల అడవి. 1839లో తుపాను తెచ్చిన ఉప్పెన కోరంగి రేవును నాశనము చేసినది. అట్టి అలల వేగమును తగ్గించుటలో మడచెట్లు ఎట్లు తోడ్పడునో పిల్లలు వాని వేళ్లను చూచియే ఊహింపగలరు.

యాత్రకు ముందు ఉపాధ్యాయుడు తెలిసికొనవలసినది ఆటుపోట్ల వేళ. సముద్రము దినమునకు రెండుమారులు పొంగి రెండుమారులు తీయును. ఆ వేళ ప్రతిదినము సుమారు 50 నిమిషములు వెనుకకు జరుగును. అమావాస్యకును పూర్ణిమకును పోటు హెచ్చు. నీరు తీసిన వేళనే బురదయు, వేళ్లును, పీతలును కనబడును. కావున పంచాంగము చూచి, స్థానిక జాలరిని విచారించి, దినమును నిర్ణయింపవలెను. చంద్రునికిని సముద్రమునకును గల సంబంధమను తొలి పాఠము అంతటితోనే ముగియును.

అచ్చట పిల్లలు చేయదగిన పనులు నాలుగు. మొదటిది, మడచెట్టు క్రింద బురదనుండి మేకులవలె పైకి లేచిన వేళ్లను ఒక గజము చదరములో లెక్కించుట. బురదలో గాలి చొరదు గనుక చెట్టు ఈ వేళ్లద్వారా గాలి పీల్చును. రెండవది, మడాకును తెంపక దానిపై వ్రేలు రాచి నాలుకపై నుంచుకొనుట. ఉప్పన తగులును, చెట్టు తాను పీల్చిన ఉప్పును ఆకుద్వారా వెలికి నెట్టుచున్నదని బిడ్డకు తెలియును. మూడవది, ఉప్పుపొన్న చెట్టును పరిశీలించుట. దాని విత్తనము చెట్టుననే మొలకెత్తి, పచ్చని పొడవాటి కాడవలె వ్రేలాడి, పిదప రాలి బురదలో నాటుకొనును, లేదా నీటిపై తేలిపోయి వేరొకచోట పాదుకొనును. నాలుగవది, పాయనీటిని ఒక గాజు గ్లాసులో పట్టి కదపక యుంచుట. కొంతసేపటికి అడుగున మెత్తని ఒండ్రు పేరును. ఆ గోదావరి మహారాష్ట్రమున త్ర్యంబకమువద్ద పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించి వచ్చినది. నాందేడునుండి వచ్చిన తెలుగు బిడ్డకు తన యూరి నదియే యిచ్చట నేలను కట్టుచున్నదని చెప్పవచ్చును.

ఇవిగాక ఒక డెక్క పెద్దదిగాను ఒకటి చిన్నదిగాను గల మగపీతలు, బురదపై గెంతు చేపలు కనబడును. నీరుకుక్కయు, రాత్రివేళ చేపలు పట్టు బావురుపిల్లియు ఈ యడవిలో గలవు. అవి కనబడకున్నను బురదపై వాని అడుగుజాడలను వెదకవచ్చును.

కొన్ని నియమములు తప్పరాదు. అభయారణ్యమున కొమ్మనైనను త్రుంచరాదు. అటవీశాఖ అనుమతి ముందుగా పొందవలెను. తిల్ల చెట్టు పాలు కంటికి హాని చేయును గనుక దానిని తాకరాదు. పడవలో కూర్చుండినవారందరు తేలుబొంతలు ధరింపవలెను. పదిమంది పిల్లలకు ఒక పెద్దయుండుట మేలు. అన్నిటికంటె ముఖ్యము, ఊరి జాలరిని గాని, వృద్ధురాలిని గాని వెంట తీసికొనిపోవుట. ఉపాధ్యాయుడు కారణములు చెప్పును. వారు పేర్లు చెప్పుదురు.

కోరంగి అందరికి సమీపము కాదు. కాని ప్రతి ప్రాంతమునకును ఒక కోరంగి గలదు. గంజాము తీరమున ఋషికుల్య ముఖద్వారమున సముద్రపు తాబేళ్లు వేలకొలదిగా గ్రుడ్లు పెట్టు సంవత్సరములు గలవు. ఇసుక వేడి హెచ్చిన ఆడుపిల్లలు, తగ్గిన మగపిల్లలు పుట్టుట అచ్చటి వింత. మద్రాసువారికి పులికాటు సరస్సు చేరువ. శీతకాలమున రాజహంసలు దిగును. బళ్లారివారికి హంపికి సమీపమున 1994లో ఏర్పడిన దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యము గలదు. షోలాపురమువారికి నన్నజ్ గడ్డిబీళ్లు గలవు. 1979లో బట్టమేకపిట్టకై ఏర్పరచిన ఆ స్థలమున నేడా పక్షి కనబడుట మిక్కిలి అరుదు. ఆ కొరతయు పిల్లలు తెలియవలసిన పాఠమే.

యాత్రనుండి మరలిన పిదప ప్రతి బిడ్డయు ఒక పుస్తకములో తాను చూచినదాని బొమ్మ గీసి, దాని క్రింద తెలుగు పేరును, తాను చదువు భాషలోని పేరును, శాస్త్రనామమును వ్రాయవలెను. తెలియని పేరును ఇంటిలోని తాతయ్యనో అమ్మమ్మనో అడిగి తెలిసికొనవలెను. ఇంటిలో ఎవరికిని తెలియనిచో ఆ గడిని ఖాళీగా నుంచవలెను. సంఘములు ఈ పుస్తకములను ఏటేట కూర్చినచో ఏ ప్రాంతమున ఏ పేరు నిలిచినదో, ఏది పోయినదో తేటపడును. రెండువందల సంవత్సరముల క్రిందట పరదేశి వైద్యులు మన పల్లెలలో దిరిగి చేసిన పనియే యిది. నేడు దానికి కావలసినవి ఒక దినము, ఒక కలము, త్రోవ చూపు పెద్ద ఒకరు.