రచ్చబండ మీద పరిశోధన

తెలంగాణంలో కవులే లేరన్న మాట ఒకప్పుడు పుట్టింది. సురవరం ప్రతాపరెడ్డిగారు దానికి వాదంతో సరిపెట్టలేదు. తమ గోలకొండ పత్రిక ద్వారా వూరూరా వున్నవారిని అడిగారు. వివరాలు వచ్చాయి, పద్యాలు వచ్చాయి. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వెలువడింది. ఒక్క పండితుడు గదిలో కూర్చుని చేయలేని పని, పదిమందిని అడిగితే అయింది.

అట్లా అడగడానికి ఇవాళ ఫేస్‌బుక్కూ వాట్సాపూ వున్నాయి. కాని మన పరిశోధకుల్లో చాలామంది వాటిని శాలువాల ఫోటోలకే కేటాయించారు! డాక్టరేటు వచ్చిన కబురు అందరికీ తెలుస్తుంది. పరిశోధనలో ఏం తేలిందో యెవరికీ తెలియదు.

మెదక్ జిల్లా అల్లాదుర్గం సంగతే చూడండి. బేతాళస్వామి గుడి వున్న వూరది. ఆ స్వామి మీద పరిశోధన చేసే విద్యార్థి "నా వ్యాసం అచ్చయింది" అని రాస్తే నలుగురు అభినందించి వూరుకుంటారు. "మీ వూళ్లో బేతాళుడి గుడి వున్నదా? మొక్కు యెట్లా తీర్చుకుంటారు?" అని అడిగితే, తెలిసినవాళ్లు నోరు విప్పుతారు. చెప్పినవారి పేరు, వూరు రాసుకోవాలి. వ్యాసంలో వాడేముందు వారి అనుమతి తీసుకోవాలి. వీలయితే వెళ్లి కళ్లారా చూడాలి. వాట్సాపులో వచ్చిన మాట ఆధారం కాదు, ఆధారానికి దారి.

శాసనం కనబడితే సుద్ద పూయవద్దు. పక్కనుంచి ఏటవాలుగా వెలుగు పడేటప్పుడు ఫోటో తీస్తే అక్షరాలు తేటపడతాయి. దాన్ని వాట్సాపులో డాక్యుమెంటుగా పంపితే స్పష్టత చెడదు. చదవలేని అక్షరం దగ్గర "ఇది నాకు అందలేదు" అనడం చిన్నతనం కాదు. తప్పని తేలితే పాత రాతను మాయం చేయక, దాని కిందనే దిద్దుబాటు రాయాలి.

ఒక్క విషయంలో మాత్రం నోరు కట్టుకోవాలి. అడవిలో ఒంటరిగా వున్న విగ్రహం ఆనవాళ్లు లోకమంతా చాటితే, పండితుడి కంటే ముందు గుప్తనిధుల వాడి గడ్డపార అక్కడికి చేరుతుంది. ముందు పురావస్తు శాఖకు చెప్పాలి. తక్కినవాళ్లకు తర్వాత చెప్పవచ్చు.

పరిశోధన పూర్తయ్యాక ఇంకొక పని మిగులుతుంది. వూరివాళ్లు చెప్పిన సంగతులు పుస్తకంలోకి యెక్కాయి గదా! ఆ పుస్తకంలో తేలినదాన్ని నాలుగు తేట తెలుగు మాటల్లో మళ్లీ వాళ్లకే చెప్పాలి. అడిగి తెచ్చుకున్న అప్పు తీర్చవలసింది అట్లాగే.